రూమీ టోపీ నేర్పే పాఠం

హైదరాబాదులోని పాత కుటుంబాల ఇళ్లలో నేటికీ కొన్ని నలుపు తెలుపు ఛాయాచిత్రాలు గోడలకు వేలాడుతూ కనిపిస్తాయి. మెడ వరకు గుండీలు పెట్టిన షేర్వానీ, తలపై కుచ్చు వేలాడే నిటారు టోపీ, గంభీరమైన ముఖం. ఆ టోపీని మన పెద్దలు 'రూమీ టోపీ' అని పిలిచేవారు. ఆ చిత్రాన్ని మనవలకు చూపుతూ, "ఇదిరా మన అసలు వేషం! మీరేమో పరాయివాళ్ల ప్యాంటూ చొక్కా తగిలించుకొని తిరుగుతున్నారు" అని నిట్టూర్చే తాతయ్యలను, నానమ్మలను మనమందరం ఎరుగుదుము.

ఆ నిట్టూర్పులో ఎంతో ఆప్యాయత ఉంది. అయితే చరిత్రను తిరగవేస్తే అందులో ఒక పొరపాటు కూడా ఉన్నదని తెలుస్తుంది. పూర్వీకుల నుండి అనాదిగా వస్తున్నదని మనం భావించే ఆ టోపీ చరిత్ర సుమారు రెండు వందల సంవత్సరాలది మాత్రమే. ఒక సుల్తాను ఆజ్ఞతో అది ప్రజల తలలపైకి వచ్చింది. మరొక పాలకుని ఆజ్ఞతో తొలగిపోయింది. అది వచ్చిననాడు 'ఇదేమి అవిశ్వాసుల వేషం?' అని మండిపడిన సమాజమే, నూరేళ్లు తిరగకముందే దానిని తీసివేయమన్నందుకు ఉరికంబం ఎక్కింది. సంప్రదాయ దుస్తులంటే ఏమిటి, వాటిని ఎవరు నిర్ణయిస్తారు, విశ్వాసి వాటిని ఏ దృష్టితో చూడాలి అన్న ప్రశ్నలకు ఈ చిన్న టోపీ కథలో ఎన్నో సమాధానాలున్నాయి.

ఆజ్ఞతో వచ్చిన టోపీ

ముందుగా పేరు సంగతి చూద్దాం. తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని అరబ్బులు 'రూమ్' అన్నారు. దివ్య ఖుర్ఆన్‌లోని 30వ సూరాకు ఆ పేరే ఉంది. తరువాతి కాలంలో ఆ భూభాగాన్ని ఉస్మానియా తురుష్కులు పాలించారు గనుక మన దేశంలో వారిని 'రూమీలు' అనడం పరిపాటి అయింది. వారి దేశం నుండి వచ్చిన టోపీ రూమీ టోపీ అయింది. మొరాకోలోని ఫెజ్ నగరం పేరు మీదుగా తురుష్కులు దానిని 'ఫెస్' అన్నారు. ఈజిప్టు ప్రజలు 'తర్బూష్' అన్నారు.

19వ శతాబ్దపు ఆరంభం వరకు ఉస్మానియా రాజ్యంలో తలపాగాయే మనిషి గుర్తింపు. తలపాగా పరిమాణాన్ని, రంగును, చుట్టిన తీరును బట్టి అతడు ఏ వృత్తివాడో, ఏ హోదాలో ఉన్నాడో, ఏ మతస్థుడో చెప్పగలిగేవారు. చనిపోయిన తరువాత కూడా ఆ హోదా వెంట వచ్చేది. ఇస్తాంబుల్ శ్మశానవాటికలలోని పాత సమాధిరాళ్లపై చెక్కిన రాతి తలపాగాలు ఈనాటికీ అందుకు సాక్ష్యం పలుకుతున్నాయి.

ఐరోపా రాజ్యాల చేతిలో వరుస ఓటములను చవిచూసిన సుల్తాన్ రెండవ మహమూద్ 1826లో జానిసరీలనే పాత సైన్యాన్ని రద్దుచేసి, ఐరోపా పద్ధతిలో కొత్త సైన్యాన్ని నిర్మించాడు. కొత్త సైన్యానికి కొత్త వేషం కావలసి వచ్చింది. అంచు లేని ఎర్రని టోపీ అందుకు అనువుగా తోచింది. 1829లో ఆ టోపీని ప్రభుత్వోద్యోగులకు కూడా తప్పనిసరి చేస్తూ ఆజ్ఞ వెలువడింది. తలపాగా ధరించే అధికారం ధర్మ పండితులకు మాత్రమే మిగిలింది. ముస్లిం, క్రైస్తవ, యూద ఉద్యోగులందరూ ఒకే టోపీ ధరిస్తే అందరూ ఒకే రాజ్యపు ప్రజలుగా కనిపిస్తారన్నది ఆ సంస్కరణలోని ఆలోచన. ఐరోపా వారి కోటు, పంట్లాము కూడా దాని వెంటనే వచ్చాయి.

ప్రజలు దీనిని సులభంగా అంగీకరించలేదు. తాత ముత్తాతల తలపాగాను తీసివేయించిన ఈ పాలకుణ్ణి కొందరు 'అవిశ్వాసి పాదుషా' అని కూడా పిలిచారు. అయినా కాలం గడిచింది. కొత్త తరం ఆ టోపీతోనే పుట్టి పెరిగింది. దానికి అంచు లేనందున సజ్దాలో నుదురు నేలకు తాకడానికి అడ్డు రాదు. క్రమంగా అది నమాజుకు తగిన టోపీగా, ఆపై ముస్లింల టోపీగా పేరు తెచ్చుకున్నది. సమాధిరాళ్లపై తలపాగాల స్థానంలో ఫెజ్ టోపీలు చెక్కడం మొదలైంది.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. ఇస్తాంబుల్‌లో ప్రభుత్వం ఈ టోపీల కోసం ఒక కర్మాగారాన్ని నెలకొల్పింది. అయినా లెక్కలేనన్ని టోపీలు ఆస్ట్రియా సామ్రాజ్యం నుండి, ముఖ్యంగా బొహీమియాలోని స్ట్రకోనిత్సె వంటి పట్టణాల నుండి దిగుమతి అయ్యేవి. 1908లో ఆస్ట్రియా బోస్నియాను తనలో కలుపుకున్నప్పుడు తురుష్క ప్రజలు ఆ దేశపు వస్తువులను బహిష్కరించారు. అప్పుడు వారు మొట్టమొదట విసిరివేసినవి తమ తలలపైనున్న టోపీలే! తమ అస్తిత్వానికి చిహ్నమనుకున్నది పరాయి మిల్లులో తయారైనదని ఆనాడు వారికి బోధపడింది.

ఆంగ్లేయుల కొలువు నుండి హైదరాబాదు వరకు

ఈ టోపీ మన దేశానికి వచ్చిన కాలం ఆంగ్లేయుల పాలనాకాలం. దుస్తులతో మనుషులను కొలిచే విద్యలో ఆంగ్లేయులు ఆరితేరినవారు. దొరల ఎదుటికి వెళ్లే భారతీయుడు తన దేశవాళీ చెప్పులు బయటే విడవాలి. కాని 1854లో బెంగాల్‌లో వచ్చిన ఒక తీర్మానం ప్రకారం ఐరోపా తరహా బూట్లు తొడుక్కున్న పెద్దమనుషులు వాటితోనే లోపలికి రావచ్చు. పాదం అదే, మనిషి అతడే. చెప్పు మారితే మర్యాద మారుతుంది! మరోవైపు, ఒకనాడు నవాబుల దర్బారులలో వెలిగిన తలపాగాలను, నడికట్లను ఆ దొరలే తమ బంట్రోతులకు, వడ్డన చేసే సేవకులకు తొడిగించారు.

ఈ అవమానానికి బదులుగా విద్యావంతులైన ముస్లింలు ఒక మధ్యేమార్గాన్ని వెతుక్కున్నారు. 1869-70లో ఇంగ్లాండును చూసి వచ్చిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ తురుష్కుల కోటును, ఎర్ర టోపీని ధరించడం మొదలుపెట్టారు. 1875లో ఆయన అలీగఢ్‌లో స్థాపించిన విద్యాసంస్థలో ఆ టోపీ విద్యార్థుల గుర్తుగా మారింది. ఇటు ఆంగ్లేయుని హ్యాటు కాదు, అటు పాత దర్బారుల తలపాగా కాదు. ఆధునికమైనది, అదే సమయంలో ఖలీఫా రాజ్యానికి చెందినది. పరపాలనలో తల దించుకున్న సమాజానికి ఆ టోపీ తల ఎత్తుకొనే ఒక సాధనంగా కనిపించింది.

షేర్వానీ కథ కూడా ఇటువంటిదే. అంగరఖా వంటి హిందుస్తానీ పైవస్త్రానికి ఆంగ్లేయుల ఫ్రాక్ కోటు కత్తిరింపు తోడై, 19వ శతాబ్దంలో అది రూపుదిద్దుకున్నది. హైదరాబాదు రాజ్యంలో ముస్లిం కుటుంబాల పెద్దలే గాక హిందూ ఉద్యోగులు, జాగీర్దారులు కూడా షేర్వానీ ధరించారు. అక్కడ అది మతానికి కాక, కొలువుకూ మర్యాదకూ గుర్తు.

ఆ తరువాత జాతి నిర్మాణ యుగం వచ్చింది. 1937 అక్టోబరులో లక్నో ముస్లిం లీగ్ సమావేశానికి ముహమ్మద్ అలీ జిన్నా షేర్వానీ, కారకుల్ టోపీ ధరించి వచ్చారు. అంతకు ముందు ఆయన లండన్ దర్జీల సూట్లకు పేరుపడిన వ్యక్తి. ఆ వేషమే తరువాత పాకిస్తాన్ జాతీయ వేషమైంది. అదే కోవకు చెందిన అచ్కన్‌ను ధరించి జవహర్‌లాల్ నెహ్రూ స్వతంత్ర భారత ప్రధానిగా ప్రపంచం ముందు నిలిచారు. ఒకే దర్జీ కత్తెర నుండి వచ్చిన కోటు రెండు దేశాల జాతీయతకు చిహ్నమైంది! 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత రూమీ టోపీ క్రమంగా కనుమరుగయింది. షేర్వానీ పెళ్లిపీటల వరకు పరిమితమైంది. తాతయ్య ఫోటోలోని ఆ వేషం వెనుక ఇంత రాజకీయం ఉన్నదని మనవలకు ఎవరు చెప్పాలి?

ఆజ్ఞతో పోయిన టోపీ

తిరిగి తురుష్క దేశానికి వెళదాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానియా రాజ్యం కూలిపోయింది. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దయింది. కొత్త రిపబ్లిక్ అధినేత ముస్తఫా కమాల్ 1925 ఆగస్టులో కాస్తమోను పట్టణానికి అంచులున్న పనామా హ్యాటు ధరించి వెళ్లాడు. నాగరిక ప్రపంచపు వేషం ఇదేనని ప్రజలకు బోధించాడు. అదే సంవత్సరం నవంబరు 25న 'హ్యాటు చట్టం' వచ్చింది. పార్లమెంటు సభ్యులు, ఉద్యోగులు హ్యాటు ధరించి తీరాలి. అందుకు విరుద్ధమైన అలవాటును ప్రజలెవరూ కొనసాగించరాదు.

ఎర్జురూమ్, రీజె, సివాస్, మరాష్ ప్రాంతాలలో నిరసనలు చెలరేగాయి. ప్రత్యేక న్యాయస్థానాలు మరణశిక్షలు విధించాయి. ఇస్కిలిప్‌కు చెందిన ఆతిఫ్ హోజా అనే పండితుడు పాశ్చాత్యుల అనుకరణను, హ్యాటును విమర్శిస్తూ 1924లోనే, అంటే చట్టం రాకముందే, ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. అయినప్పటికీ 1926 ఫిబ్రవరిలో అంకారాలో ఆయనను ఉరితీశారు. గ్రామీణులు మాత్రం ఒక ఉపాయం కనుగొన్నారు. ముందు అంచు గల టోపీ ధరించి, నమాజు వేళకు దానిని వెనక్కు తిప్పుకొని సజ్దా చేసేవారు. చట్టం తలను పట్టుకోగలిగింది గాని, నుదుటిని పట్టుకోలేకపోయింది.

ఇంకొక దృశ్యం చూడండి. 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో పదవీచ్యుతుడైన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రుషెహ్వార్, ఆ వంశానికే చెందిన నీలోఫర్, నిజాం కుమారులిద్దరిని వివాహమాడి హైదరాబాదుకు కోడళ్లుగా వచ్చారు. తమ మాతృభూమిలో నేరమైపోయిన టోపీ ఈ దక్కను నగరంలో గౌరవ చిహ్నంగా వెలుగొందడం వారు చూసే ఉంటారు.

ఈజిప్టులో ఇదే టోపీకి మరో గతి పట్టింది. అక్కడ ఆంగ్లేయుల పెత్తనాన్ని ఎదిరించే విద్యావంతుల తలపై అది జాతీయ చిహ్నమైంది. విదేశీ టోపీలు కొనడమెందుకని 1931లో విద్యార్థులు ఇంటింటా ఒక్కొక్క ఖిర్ష్ నాణెం చందా పోగుచేసి, స్వదేశీ తర్బూష్ కర్మాగారం కోసం ఉద్యమించారు. కాని 1952లో రాచరికాన్ని కూలదోసిన సైనికాధికారుల దృష్టిలో అది పాషాల, జమీందారుల కాలపు గుర్తు. చూస్తుండగానే వీధుల నుండి మాయమైంది. ఇంకోవైపు ఫ్రెంచివారు తమ ఉత్తరాఫ్రికా సైనికులకు, ఆంగ్లేయులు తమ తూర్పు ఆఫ్రికా సైనికులకు ఇటువంటి ఎర్ర టోపీనే తొడిగారు. ఒకచోట విప్లవం, ఒకచోట వెనుకబాటుతనం, ఒకచోట దేశభక్తి, ఒకచోట పరాయి సైన్యపు కొలువు! టోపీ ఏ ఒక్క అర్థాన్నీ తనంతట తాను మోసుకురాలేదు. అధికారం ఎవరి చేతిలో ఉంటే వారు దానికి అర్థం చెప్పారు.

స్త్రీ ముసుగుపై అధికార హస్తం

పురుషుని టోపీ వద్ద ఆగని ఈ హస్తం స్త్రీ ముసుగు వద్దకు కూడా వెళ్లింది. 1830లో అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచి పాలకులు, అక్కడి స్త్రీలు ధరించే 'హాయిక్' అనే తెల్లని పైవస్త్రాన్ని తమ పాలనకు అడ్డుగోడగా భావించారు. స్వాతంత్ర్య యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1958 మేలో, అల్జీర్స్ కూడలిలో జనం ఎదుట స్త్రీల ముసుగులు తీయించే ప్రదర్శనలు ఏర్పాటు చేశారు. ఒకవైపు ఆ స్త్రీల సోదరులను చెరసాలల్లో హింసిస్తూ మరోవైపు వారికి స్వేచ్ఛను ప్రసాదిస్తున్నామని చాటుకోవడం ఎంతటి విడ్డూరం! అంతకు ముందే ముసుగు విడిచినవారు సైతం ఈ చర్యకు నిరసనగా మళ్లీ హాయిక్ ధరించారని అంతకు ముందు అల్జీరియాలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాంజ్ ఫానన్ 1959లో రాశారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. తరువాతి దశాబ్దాలలో హాయిక్ దానంతటదే వెనుకబడి, దాని స్థానంలో ఇతర దుస్తులు వచ్చాయి. బలవంతం సాధించలేనిది కాలం నిశ్శబ్దంగా చేసింది.

ఇరాన్‌లో రెజా షా పురుషులకు అంచు గల హ్యాటును తప్పనిసరి చేసినప్పుడు, 1935 జూలైలో మష్హద్‌లోని గౌహర్‌షాద్ మస్జిదులో నిరసన తెలిపినవారిపై కాల్పులు జరిగాయి. 1936 జనవరిలో స్త్రీల ముసుగుపై నిషేధం వచ్చింది. పోలీసులు వీధులలో చాదర్లు లాగివేస్తుంటే ఎందరో స్త్రీలు ఏళ్ల తరబడి గడప దాటలేదు. బడికి వెళ్లవలసిన ఆడపిల్లలు ఇంటనే ఉండిపోయారు. 'స్త్రీ విముక్తి' పేరిట వచ్చిన ఆజ్ఞ స్త్రీని ఇంట్లో బందీని చేసింది. 1979 విప్లవం తరువాత అదే దేశంలో ముసుగు ధరించకపోవడం శిక్షార్హమైంది. ఒకసారి విప్పించేందుకు, ఒకసారి కప్పించేందుకు! రెండుసార్లూ స్త్రీ మనసు ఏమనుకుంటున్నదని అడిగినవారు లేరు.

తుర్కియేలో 1999లో పార్లమెంటుకు ఎన్నికైన మెర్వె కావక్చీని తలకు కండువా కట్టుకొని వచ్చిన కారణంగా ప్రమాణ స్వీకారం చేయనివ్వలేదు. విశ్వవిద్యాలయాలలో, ప్రభుత్వ కార్యాలయాలలో ఆ నిషేధం సడలడానికి 2010 తరువాతి కాలం రావలసి వచ్చింది. మన పొరుగున కర్ణాటకలో 2022లో విద్యాసంస్థల హిజాబ్ వివాదం ఎందరు ఆడపిల్లల చదువును కలవరపరచిందో మనకు తెలిసినదే. ఆ వ్యాజ్యంలో అదే సంవత్సరం అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు పరస్పర భిన్నమైన తీర్పులు చెప్పారు. దేశాలు వేరు, కాలాలు వేరు. కాని తరగతి గది వాకిట నిలబడి లోపలికి వెళ్లాలా, వెనుదిరగాలా అని తేల్చుకోలేక కన్నీరు పెట్టుకున్న అమ్మాయి మాత్రం అన్నిచోట్లా ఒక్కతే.

మన కొలబద్ద ఏది?

ఈ చరిత్ర చదివి, 'అయితే దుస్తులకు అర్థమే లేదు, ఏది ధరించినా ఒక్కటే' అనుకోరాదు. ఇస్లాం దుస్తుల విషయంలో ఉదాసీనంగా లేదు. ఆరాఫ్ సూరా 26వ ఆయతులో దుస్తులు శరీరాన్ని కప్పేవిగా, అలంకారంగా పేర్కొనబడ్డాయి. అన్నిటికన్నా మేలైనది దైవభీతి అనే వస్త్రమని కూడా అక్కడే బోధించబడింది. నూర్ సూరాలో స్త్రీల ముసుగు ప్రస్తావన రావడానికి ముందే, 30వ ఆయతులో, విశ్వాసులైన పురుషులు చూపులను అదుపులో ఉంచుకోవాలన్న ఆజ్ఞ వచ్చింది. మర్మాంగాలను కప్పడం, లజ్జ, అహంకారం లేకపోవడం, దుబారా చేయకపోవడం, అన్యధర్మాల ఆరాధనా చిహ్నాలను ధరించకపోవడం. ఇవి హద్దులు. ఆ హద్దుల లోపల కత్తిరింపును, రంగును, ఆకారాన్ని ఆయా దేశాల వాతావరణానికి, అలవాట్లకు విడిచిపెట్టారు.

దైవప్రవక్త (స) ఆచరణలో ఇందుకు స్పష్టమైన నిదర్శనం ఉంది. ఒక ప్రయాణంలో ఆయన ఇరుకైన చేతులు గల షామ్ దేశపు జుబ్బాను ధరించారనీ, వుజూ సమయంలో ఆ చేతులు పైకి మడవడానికి రాక, లోపలి నుండి చేతులను బయటికి తీసి కడుక్కున్నారనీ ముగీరా బిన్ షూబా (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. తిర్మిజీ ఉల్లేఖనంలో దానిని 'రూమీ జుబ్బా' అన్నారు. షామ్ ఆనాడు రూమీయుల ఏలుబడిలో ఉన్న ప్రాంతం. పరాయి రాజ్యంలో కుట్టిన వస్త్రమని ఆయన దానిని తోసిపుచ్చలేదు. రూమీ టోపీ కోసం, దానికి వ్యతిరేకంగా ఇన్ని కలహాలు పడిన మనకు ఈ రూమీ జుబ్బా ఎంతటి సమతుల్యతను బోధిస్తున్నదో గ్రహించండి.

ఇక మన ఇళ్లలోకి తొంగిచూద్దాం. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణ పల్లెలలో తరతరాలుగా చీర కట్టి, కొంగును తలపై నిండుగా కప్పుకొని జీవించిన ముస్లిం తల్లులున్నారు. నగరం నుండి వచ్చిన చుట్టాలు కొందరు వారిని చూసి, "ఇదేం వేషం? వీళ్లు ముస్లింలలా లేరే!" అని అనడం మనం వినకపోలేదు. లుంగీతో మస్జిదుకు వచ్చిన రైతును, జీన్సు ధరించి చివరి వరుసలో నిలబడిన యువకుణ్ణి ఎగాదిగా చూసే కళ్లూ ఉన్నాయి. ఆ యువకుడు మరుసటి శుక్రవారం రాకపోతే ఆ పాపంలో మన చూపుకూ భాగముంటుంది. బూట్లను చూసి మర్యాద ఇచ్చిన ఆంగ్లేయ దొరకూ, కుర్తాను చూసి సలాము చేసే మనకూ అప్పుడు తేడా ఏముంటుంది?

పిల్లలకు లజ్జను, శుభ్రతను, నిరాడంబరతను నేర్పుదాం. ఎందుకు కప్పుకుంటున్నామో కారణం చెప్పి, మనసుతో ఒప్పించి నేర్పుదాం. ధర్మంలో బలవంతం లేదన్న ఖుర్ఆన్ బోధను ఇతరుల చట్టాలను విమర్శించడానికే గాక, మన గడప లోపల కూడా గుర్తుంచుకుందాం. మన ఆడపిల్ల ముసుగును లాగివేసే చేతిని ఎదిరించే నైతిక హక్కు మనకు ఉండాలంటే, తోటి మనిషి దుస్తులను చూసి అతని విశ్వాసాన్ని తూచే అలవాటును ముందుగా మనమే విడిచిపెట్టాలి.

గోడమీది తాతయ్య ఛాయాచిత్రాన్ని తీసివేయనవసరం లేదు. దుమ్ము తుడిచి అక్కడే ఉంచుదాం. అయితే ఈసారి మనవలకు దానిని చూపేటప్పుడు, ఆ టోపీ ఎక్కడి నుండి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో కూడా చెబుదాం. ఆ టోపీ ఉన్న రోజుల్లోనూ, అది పోయిన తరువాత కూడా ఆయన అయిదు పూటలా నేలకు ఆనించిన నుదురు ఒక్కటే. వారసత్వంగా మనం అందుకోవలసినది ఆ సజ్దానే. అల్లాహ్ మనందరికీ దైవభీతి అనే వస్త్రాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.